గుమ్మం వరకే తెలిసిన ఇల్లు

విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్ళు తమ ఊళ్ళ గురించి రాసుకున్న జ్ఞాపకాలు ఈ మధ్య పనిగట్టుకుని చదివాను. మొదలుపెట్టింది పరిశోధన కోసమే అయినా, నేనూ ఊరు వదిలి వచ్చినదాన్నే కాబట్టి చదువుతున్నంతసేపూ గొంతుకేదో అడ్డం పడుతూనే ఉండేది. ధనుర్మాసపు ముగ్గులు, ఆవకాయ జాడీలు, వేసవి రాత్రులు డాబా మీద పక్కలు, కరెంటు పోతే చెప్పుకున్న కథలు. అన్నీ నిజమే, అన్నీ నావి కూడా. కానీ ఓ పాతిక ముప్ఫై చదివేసరికి ఒక సంగతి కంట్లో నలుసులా తగులుకుంది. వీటన్నిటిలోనూ అమ్మ వంటింట్లోనే ఉంటుంది. నాన్న పొలం వెళ్తాడు, బజారుకెళ్తాడు, పేపరు చదువుతాడు, అప్పులు చేస్తాడు, పోతాడు కూడా. అమ్మ మాత్రం ముద్దపప్పులో నెయ్యి వేసి కలుపుతూనే ఉంటుంది. ఆమె కలపడం ఆపేస్తే రాసేవాళ్ళ ఊరు కూడా ఆగిపోతుందేమో!

మా నాయనమ్మ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడేది. లక్ష్మణుడు అన్నావదినెలతో అడవికి పోతే ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. తిరిగొచ్చి లేపితే భర్తను గుర్తుపట్టలేదు. ఎవడో పరాయి మగాడు గదిలోకి వచ్చాడని భయపడి నిలదీసింది. నేనిప్పుడుంటున్న మాడిసన్ ఊళ్ళోనే దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన వెల్చేరు నారాయణరావు గారు 1991లో వచ్చిన తన వ్యాసంలో స్త్రీల రామాయణపు పాటల గురించి రాశారు. పై కులాల ఇళ్ళలో ఆడవాళ్ళు తమలో తాము పాడుకునే ఈ పాటలు మగవాళ్ళ రామాయణాన్ని ఎట్లా పక్కకు నెట్టి వేరే కథ చెబుతాయో, పొలంలో పని చేస్తూనో విసురుతూనో పాడుకునే స్త్రీల పాటల్లో మళ్ళీ వేరే ఘట్టాలు ఎట్లా ముందుకొస్తాయో వివరించారు. హైదరాబాదులో పిహెచ్.డి. చేసేటప్పుడు ఆ వ్యాసాన్ని చాలాసార్లు చదివాను గానీ, ఊర్మిళ నిద్రకు ప్రవాసంతో ఇంత దగ్గర చుట్టరికం ఉందని తట్టింది మాత్రం ఇక్కడికొచ్చాకే. వెళ్ళినవాళ్ళం మనం వెళ్ళిన రోజున ఊరిని నిద్రపుచ్చి వెళ్తాం. ఎప్పుడొచ్చి లేపినా అదే వయసులో, అదే చీరలో లేవాలని కోరుకుంటాం. ఆ నిద్రపోవాల్సిన బాధ్యత ఎప్పుడూ ఆడవాళ్ళదే.

నాయనమ్మ తానే ఒక ప్రవాసి. రేపల్లె తాలూకాలో సముద్రానికి దగ్గర ఊరు ఆమెది. పద్నాలుగో ఏట చేబ్రోలు వచ్చింది. మధ్య దూరం మహా అయితే యాభై కిలోమీటర్లు. తెనాలి దాకా బస్సు, అక్కడినుంచి రేపల్లె రైలు. అయినా ఏడాదికి ఒక్కసారి పుట్టింటికి వెళ్తే గొప్ప. 1977 నవంబర్ 19 ఉప్పెన వచ్చినప్పుడు తన వాళ్ళు బతికున్నారో లేదో తెలియడానికి ఆమెకు అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజులూ వంట చేసిందట, పాలు పితికిందట, మామగారికి వేణ్ణీళ్ళు పెట్టిందట. వీసా లేకుండానే, పాస్‌పోర్టు లేకుండానే మన ఆడవాళ్ళందరూ ఒకసారి దేశం మారుతూనే ఉన్నారు. దాన్ని ప్రవాసమని ఎవరూ అనలేదు, కాపురం అన్నారు. అందుకే పుట్టిల్లు అన్నమాట మగవాళ్ళ నోట వినపడదు. వాళ్ళకుండేది ఇల్లే.

నేనొచ్చింది 2016లో, ఆధారిత వీసా మీద. డాక్టరేట్ పట్టా పెట్టెలో అడుగున, పచ్చడి సీసాలు పైన. గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ళ భార్యలు ఉద్యోగం చేసుకోవచ్చని 2015 మే 26 నుంచి అమలైన నిబంధన నాకు వర్తించడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ నాలాగే ఇంజనీరింగ్, ఎమ్మెస్సీ, ఎంబీయే చదివిన ఆడవాళ్ళు మా అపార్టుమెంట్లలో ఎంతమంది ఉన్నారో చూశాను. మధ్యాహ్నాలు కలిసేవాళ్ళం. ఏ ఊరి గోంగూర పుల్లన, ఎవరి అమ్మ చేసే పులిహోరలో ఇంగువ ఎక్కువ, ఇవే మాటలు. బయటి పని లేని చోట జ్ఞాపకమే పనవుతుంది. అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 2010 - 2017 మధ్య 86 శాతం పెరిగారని అక్కడి జనాభా లెక్కల ఆధారంగా వార్తలొచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నవాళ్ళెందరో ఆ లెక్క చెప్పదు కదా.

2021 మే నెలలో నాన్న పోయారు, కోవిడ్‌తో. ఆ నెల 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. వెళ్తే తిరిగి రాలేనేమోనన్న లెక్క ఒకటి, వెళ్ళినా ఆసుపత్రిలోకి రానివ్వరన్న నిజం ఒకటి. ఫోనులో చూశాను. నాయనమ్మ అయిదు రోజులు అప్పుడే గుర్తొచ్చాయి. ఇంతకన్నా దీని గురించి రాయలేను.

ఇల్లు అమ్మేయాలన్నది అమ్మ నిర్ణయం. నాన్న పోయిన మూడో ఏట, ఒక ఆదివారం ఫోనులో మామూలుగా చెప్పింది. గుంటూరులో లిఫ్టున్న ఫ్లాటు కొనుక్కుంటానంది, డాక్టరు దగ్గరుంటాడంది. హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఒప్పుకోలేదు. "మా చిన్నతనమంతా అక్కడే ఉంది, ఎట్లా అమ్ముతావమ్మా?" అన్నాడు. అమ్మ సమాధానం నాకు ఉన్నదున్నట్లు గుర్తుంది. "మీ చిన్నతనం అక్కడుంది సరే, నా నడుంనొప్పీ అక్కడే ఉంది. ఆ పెరడు నలభయ్యేళ్ళు ఊడ్చాను. మీకు చూసుకోడానికి కావాలంటే ఫొటోలు తీసుకోండి. ఊడ్చే ఓపిక నాకు లేదు."

నేను అమ్మవైపే నిలబడ్డాను. నిలబడ్డాక తెలిసిన సంగతి ఇంకొకటి. ఇల్లు తాతల నాటిది కాబట్టి అమ్మకానికి నా సంతకం కావాలి. కావాలని తెలియగానే పెద్దలు ఒక ముసాయిదా పంపారు. దానిపేరు హక్కు విడుదల దస్తావేజు. "పుట్టింటి మీద ప్రేమాభిమానాలతో" నా వాటా తమ్ముడికి వదులుకుంటున్నట్లు అందులో ఉంది. ఆ మాట చూసి నవ్వొచ్చింది. ఆడపిల్ల ప్రేమకు విలువ కట్టే ఒకే ఒక్క చోటు రిజిస్ట్రారాఫీసు, అదీ సున్నాకి! ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో వాటా ఇస్తూ 1986లోనే మన రాష్ట్రం చట్టం చేసింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికున్నా లేకపోయినా కూతురి హక్కు హక్కేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని జరిగినా మా బంధువుల్లో ఒక పెద్దాయన ఫోను చేసి, "అమెరికాలో నీకేం తక్కువమ్మా, జ్ఞాపకాలు చాలవూ?" అన్నారు. జ్ఞాపకాలు ఆడపిల్లకి, ఆస్తి మగపిల్లాడికి అన్న పంపకం ఇంత సూటిగా చెప్పినందుకు ఆయనకు నిజంగానే కృతజ్ఞురాలిని.

ఆ ముసాయిదా మీద సంతకం చేయలేదు. అమ్మకానికి ఒప్పుకుంటూ, నా వాటా డబ్బు అమ్మ ఖాతాలో పడేటట్టు వేరే కాగితం రాయించాను. షికాగోలోని భారత కాన్సులేటు ద్వారా ధ్రువీకరించిన ఆ అధికార పత్రం ఇండియా చేరిన మూడు నెలల్లోపల స్టాంపు వేయించాలి. అది కూడా అయింది. తమ్ముడు కొన్ని వారాలు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాడు. ఫ్లాటు అమ్మ ఒక్కదాని పేరు మీదే ఉంది. కరెంటు బిల్లు మీద మొదటిసారి తన పేరు చూసుకుని నాకు ఫొటో పంపింది.

ఈ ఇంటి గురించి రాస్తున్నానని నా చిన్ననాటి స్నేహితురాలికి చెప్పాను. ఒకటి నుంచి పది దాకా ఒకే బెంచీ మాది. "నా పేరు రాయమాక," అంది ముందే. సరేనన్నాను. ఆమె గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడాలు తీసే పనికి వెళ్తుంది. తెల్లవారుజామున ఆటో, చీకటి పడ్డాక ఇల్లు. ఘాటుకి ముక్కుకి గుడ్డ కట్టుకుని, తుమ్ముల మధ్యనే నాకు వాయిస్ మెసేజీలు పెడుతుంది. "మన పెరట్లో సపోటా చెట్టు గుర్తుందా?" అని అడిగాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది. "మన పెరడు కాదే, మీ పెరడు. మీ ఇల్లు నాకు గుమ్మం వరకే తెలుసు."

నిజమే. వాళ్ళమ్మ ఏటా వేసవిలో మా ఇంటికి కారం కొట్టడానికి వచ్చేది. పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, పెరట్లోంచే వెళ్ళిపోయేది. కూడా వచ్చిన నా స్నేహితురాలు వసారా మెట్టు మీద కూర్చుని ఎదురుచూసేది. ప్రహరీ మీద బోర్లించిన గ్లాసొకటి ఉండేది. అది ఎవరిదో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. అదంతా నా ప్రవాస జ్ఞాపకాల్లో ఎందుకు లేదు అంటే, జ్ఞాపకాన్ని కూడా లోపలివాళ్ళే రాస్తారు కాబట్టి. చుండూరు మాకు ఎంతో దూరం కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. అప్పటికి మా ఇద్దరికీ మూడేళ్ళు. ఆ నెల తమ పల్లెలో మగవాళ్ళు రాత్రుళ్ళు వంతులవారీగా మేలుకున్నారని ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. నాకు మా ఇంట్లో చెప్పిన కథ ఏమీ లేదు. ఒకే ఊళ్ళో, ఒకే బెంచీ మీద పెరిగినవాళ్ళకి చెరొక బాల్యం.

చేబ్రోలు అనగానే బయటివాళ్ళు చెప్పేది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన, కోనేటి మధ్యనున్న చతుర్ముఖ బ్రహ్మ గుడి. కాస్త చదువుకున్నవాళ్ళయితే కాకతీయ గణపతిదేవుడి గజసేనాని, నృత్తరత్నావళి రాసిన జాయప పేరు చెప్తారు. నాకు మాత్రం 2019 డిసెంబర్లో వచ్చిన వార్త ఇష్టం. భీమేశ్వరాలయం దగ్గర దొరికిన సంస్కృత శాసనం, బ్రాహ్మీ లిపిలో, శాతవాహన రాజు విజయుడి అయిదో పాలనా సంవత్సరం నాటిది, అంటే క్రీ.శ. 207. కార్తీకుడనే వ్యక్తి తాంబ్రాపలో, అంటే మా చేబ్రోలులో, శక్తిమాతృక గుడి దగ్గర మండపం కట్టించి ప్రతిమలు పెట్టించాడని ఉంది. సప్తమాతృకల ప్రస్తావన ఉన్న శాసనాల్లో ఇదే పాతదని పురావస్తు శాఖ ప్రకటించింది. బ్రాహ్మి, మాహేశ్వరి, కౌమారి, వైష్ణవి, వారాహి, ఇంద్రాణి, చాముండ. ఏడుగురిలో ఆరుగురికి మగదేవుళ్ళ పేర్లే ఈకారం తగిలించి ఇచ్చారు. సొంత పేరున్నది చాముండ ఒక్కతే. కరెంటు బిల్లు మీద తన పేరు చూసుకున్న అమ్మకి ఈ సంగతి చెప్తే, "అయితే నేను చాముండనన్నమాట," అని నవ్వింది.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నేను వెళ్ళాను. పది రోజులున్నాను. అటకమీది ఇత్తడి గుండిగలు తూకానికి వెళ్ళాయి. నాన్న పుస్తకాలు నేను తెచ్చుకున్నాను. తలుపులూ ద్వారబంధాలూ టేకువి, కొన్నాయన ముందే లెక్కలో వేసుకున్నాడు. అమ్మ దేనికీ ఏడవలేదు. గాబు దగ్గరి తులసి మొక్క ఒకటి కుండీలోకి మార్చుకుంది, అంతే.

స్నేహితురాలు ఆదివారం చూడ్డానికి వచ్చింది. అమ్మ లోపలికి రమ్మంటే వచ్చింది, గదులన్నీ తిరిగి చూసింది. ఖాళీ ఇంట్లో మా ముగ్గురి మాటలూ గట్టిగా వినపడ్డాయి. "ఇంతేనా!" అంది చివరికి. వెళ్ళేటప్పుడు పెరట్లో ఆగి, "అమ్మగారూ, ఆ కారం రోలు ఎవరికైనా ఇస్తన్నారా?" అని అడిగింది. కొనేవాళ్ళు లేరనీ పూడ్చేస్తారనీ అమ్మ చెప్పింది. "అయితే నాకివ్వండి. మా అమ్మ చేతులు కాలింది దానిమీదే."

నలుగురు పట్టి ఆటోలోకి ఎక్కించారు. దాన్నెక్కడ పెట్టావని మొన్న అడిగితే వేపచెట్టు కిందంది. కారం ఎవరు కొడుతున్నారిప్పుడు, మిల్లుంది కదా అంది. నీళ్ళు పోసి ఉంచితే కోళ్ళు తాగుతున్నాయట.