కళాకారుడి తొలి కొలువు

మాటల్లో అడిగితే బొమ్మ గీసిచ్చే ఏఐ సాధనాలు 2022లో జనం చేతికొచ్చాయి. ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ డాల్-ఈ 2ను చూపింది, జులైలో మిడ్‌జర్నీ అందరికీ తెరుచుకుంది, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ విడుదలైంది. శిక్షణలో బొమ్మ మీద కొద్దికొద్దిగా చుక్కలు చల్లి గజిబిజి చేస్తారు, ఆ గజిబిజిని తొలగించడం యంత్రానికి నేర్పుతారు. నేర్చాక అది వట్టి చుక్కలతో మొదలుపెట్టి, అడిగిన మాటలకు తగిన బొమ్మను తేలుస్తుంది. ఇందుకు కావలసిన బొమ్మలు ఇంటర్నెట్ నుంచే వచ్చాయి. స్టేబుల్ డిఫ్యూజన్‌కు ఆధారమైన లయన్-5బీ సంకలనంలో 585 కోట్ల బొమ్మల లంకెలు, వాటి వివరణలు ఉన్నాయి. వాటిని గీసినవారి అనుమతి ఎవరూ అడగలేదు.

పేరున్న కళాకారుల కొలువులు వెంటనే పోలేదు. ముందు కదిలింది కింది మెట్టు. లాస్ ఏంజెలెస్‌లోని సినిమా, యానిమేషన్, గేమ్ సంస్థల్లో ఒక పాత్ర ఎలా ఉండాలో, ఒక ఊరు ఎలా కనిపించాలో ముందుగా గీసి చూపేవారు కాన్సెప్ట్ ఆర్టిస్టులు. దర్శకుడు ఒకటి ఎంచుకోవడానికి జూనియర్లు కట్టలకొద్దీ చిత్తు బొమ్మలు గీసేవారు. ఆ చిత్తు బొమ్మలు యంత్రం నుంచి వస్తున్న చోట మిగిలేది దిద్దే పని, దాన్ని సీనియర్ ఒక్కరే చూసుకోగలరు. యానిమేషన్ గిల్డ్, మరికొన్ని సంఘాలు కలిసి చేయించిన అధ్యయనం 2024 జనవరిలో వెలువడింది. అందులో వినోద పరిశ్రమను నడిపే 300 మందిని అడిగారు. తమ సంస్థల్లో ఏఐ వల్ల కొలువులు పోవడమో, తగ్గడమో, రెండు మూడు కలిసి ఒకటి కావడమో జరిగిందని నాలుగింట మూడు వంతుల మంది చెప్పారు.

ఈ కింది మెట్టుకు తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. హాలీవుడ్ విజువల్ ఎఫెక్ట్స్‌లో రోటో, పెయింట్ (ఫ్రేములో అక్కర్లేనివి చెరపడం), మ్యాచ్‌మూవ్ (కెమెరా కదలికను కంప్యూటర్‌లో సరిపోల్చడం) అనే పనులు చాలా ఏళ్లుగా భారతదేశానికి వస్తున్నాయి, హైదరాబాద్ వాటికి ఒక కేంద్రం. రోటో అంటే నటుడి చుట్టూ అంచు గీసి వెనుక దృశ్యం నుంచి వేరుచేయడం. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఐదు సెకన్ల షాట్‌లో ఆ అంచును 120 ఫ్రేముల్లో సరిచూడాలి. ఎగిరే జుట్టు, పమిట కొంగు, పొగ ఉన్న షాట్లకు రోజులు పడుతుంది. విసుగు పుట్టించే పనే. కానీ కదిలే వస్తువు అంచు ఎక్కడ మసకబారుతుందో, లెన్స్ దృశ్యాన్ని ఎలా వంచుతుందో కంటికి పట్టించేది ఆ పనే. దృశ్యాలను ఒకటిగా కలిపే కంపోజిటర్లు, సూపర్‌వైజర్లు అయినవారిలో ఎందరో ఇక్కడి నుంచే పైకెక్కారు. ఇప్పుడు, 2023లో మెటా విడుదల చేసిన సెగ్మెంట్ ఎనీథింగ్ వంటి నమూనాలు ఒక్క నొక్కుతో వస్తువు అంచును పట్టేస్తున్నాయి. చివరి మెరుగు మనిషే పెట్టాలి, అయితే అంతమంది మనుషులు అక్కర్లేదు.

కష్టమంతా ఏఐతోనే మొదలైందనడం సరికాదు. 'లైఫ్ ఆఫ్ పై' చిత్రానికి పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. ఆ చిత్రం విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ అందుకున్న 2013 ఫిబ్రవరిలోనే ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఎఫెక్ట్స్ సంస్థలు ముందే ఒక ధరకు ఒప్పుకుని పని తీసుకుంటాయి. దర్శకుడు మార్పులు కోరితే ఆ భారం చాలాసార్లు వాటిదే. ఇలాంటి పద్ధతిలో కొత్త సాధనం ఖర్చు తగ్గిస్తే, ఆ మిగులు పనిచేసేవారికి చేరదు, తర్వాతి బేరంలో ధర తగ్గడానికే పోతుంది.

అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థికి ఈ దెబ్బ రెండింతలు. ఎఫ్-1 వీసా మీద వచ్చినవారు డిగ్రీ తర్వాత ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు పనిచేయవచ్చు. చదువు స్టెమ్ (శాస్త్ర, సాంకేతిక, ఇంజినీరింగ్, గణిత) జాబితాలో ఉంటే మరో 24 నెలలు దొరుకుతాయి. యానిమేషన్, స్పెషల్ ఎఫెక్ట్స్ సాంకేతిక కోర్సులు కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి, గ్రాఫిక్ డిజైన్, ఇలస్ట్రేషన్ డిగ్రీలకు సాధారణంగా ఆ పొడిగింపు రాదు. మొదటి 12 నెలల్లో కొలువు లేకుండా గడిపే రోజులు మొత్తం 90 దాటకూడదు. స్థానిక విద్యార్థి ఏడాది ఆగి ప్రయత్నించగలడు, వీసా మీదున్నవారికి ఆ వెసులుబాటు లేదు. కాలేజీలో చేరేముందే, అది పంపే ఐ-20 పత్రంలోని కోర్సు కోడ్ చూసుకోవడం అందుకే అవసరం.

చట్టం మాత్రం మనిషి పక్షాన కొంత నిలిచింది. 'జార్యా ఆఫ్ ది డాన్' అనే కామిక్ పుస్తకంలో రచయిత రాసిన మాటలకు, బొమ్మల కూర్పుకు హక్కు ఉందని, మిడ్‌జర్నీ తయారుచేసిన బొమ్మలకు లేదని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2023లో తేల్చింది. కేవలం ఆదేశాలు టైపు చేసినంత మాత్రాన కర్తృత్వం రాదని 2025 జనవరి నివేదికలో మళ్లీ చెప్పింది. కాబట్టి అమెరికాలో పూర్తిగా యంత్రం గీసిన బొమ్మ మీద ఏ కంపెనీకీ కాపీరైట్ దక్కదు. మనిషి చేతిపనికి ఇది వ్యాపారపరంగా కూడా విలువ తెచ్చే నిర్ణయం. తమ బొమ్మలను శిక్షణకు వాడుకున్నారంటూ ముగ్గురు చిత్రకారులు 2023 జనవరిలో కోర్టుకెక్కారు. డిస్నీ, యూనివర్సల్ మిడ్‌జర్నీ మీద కేసు వేసింది 2025 జూన్‌లో. ఈ రెండు పెద్ద స్టూడియోలకన్నా రెండేళ్లకు పైగా ముందే నిలబడిన ఆ ముగ్గురికి వృత్తి మొత్తం రుణపడి ఉంది.

సంఘబలం ఉన్నచోట రక్షణ దొరికింది. అమెరికా రచయితల సంఘం 2023లో 148 రోజులు సమ్మె చేసి, ఏఐని రచయితగా లెక్కించరాదని, దాన్ని వాడమని రచయితను బలవంతపెట్టరాదని ఒప్పందంలో రాయించుకుంది. ఆ ఏడాదే నటులు సమ్మె చేసి తమ డిజిటల్ ప్రతిరూపాలకు అనుమతి, పారితోషికం ఉండాలన్న నిబంధన సాధించారు. లోగోలు, పోస్టర్లు, పుస్తకాల అట్టలు గీసే ఫ్రీలాన్సర్లలో ఎక్కువమందికి అలాంటి సంఘం లేదు.

అనుమతి ఎంత ముఖ్యమో తెలుగువారికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు విషయంలో తెలిసొచ్చింది. 'కీడా కోలా' చిత్రంలో ఆ గొంతును తమను అడగకుండా ఏఐతో సృష్టించారంటూ ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ ఆ చిత్ర బృందానికి నోటీసు పంపారు. ఆ రోజుల్లోనే 'లాల్ సలామ్' కోసం కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతులను వాడిన ఏఆర్ రెహమాన్, వారి కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం చెల్లించానని ప్రకటించారు. సరైన దారి ఇదే.

ఈ సాధనాలను తయారుచేసే సంస్థల్లోనూ, కొని వాడే సంస్థల్లోనూ తెలుగువారు ఎందరో ఉన్నారు. డిజైన్ బృందాల బడ్జెట్‌ను నిర్ణయించే కుర్చీల్లో కూర్చున్నవారూ ఉన్నారు. వారికి ఒక విన్నపం. ఏఐ సాధనం కొనడానికి అనుమతి అడిగేటప్పుడు, అదే కాగితంలో ఒక జూనియర్ డిజైనర్ కొలువు కూడా అడగండి.