విడివిడిగా సాధువులే

మా కోనసీమ వైపు ఒక తరం ముందు వరకూ చిచ్చుబుడ్లు కొనుక్కోవడమంటే కాస్త నామోషీ. మతాబులు, సిసింద్రీలు, చిచ్చుబుడ్లు అన్నీ ఇంట్లోనే కూరుకునేవారు. ఈ ఏడు దసరా వెళ్ళగానే మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్ చదువుతున్నాడు. "అన్నయ్యా, ఈసారి నేను చేస్తా. నువ్వు కెమికల్ ఇంజనీరింగ్ కదా, పాళ్ళు చెప్పు" అన్నాడు. చెప్పనన్నాను. వాడికి చెప్పిన కారణాలే ఇక్కడ రాస్తున్నా.

మా తాతయ్యకి కెమిస్ట్రీ రాదు. అయినా ఆయన నియమాలు ఏ ల్యాబ్ మాన్యువల్‌కీ తీసిపోవు. సూరేకారం, గంధకం, బొగ్గు వేటికవి నూరాలి, మూడూ కలిపి రోట్లో వేస్తే చెయ్యి విరగ్గొట్టేవారు. ఇనప రోకలి ముట్టుకోకూడదు, నిప్పురవ్వ లేస్తుందని. పనంతా పెరట్లో మామిడిచెట్టు కిందే, పొయ్యికి, చుట్టకి దూరంగా. నైలాన్ బట్టలతో ఎవరూ దగ్గరికి రాకూడదు. కలిపింది కలిపినట్టు వాడెయ్యాలి, గిన్నెలో మిగలకూడదు.

వీటన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే విషయం. మామూలు మంటకి గాలి కావాలి, దుప్పటి కప్పితే ఆరిపోతుంది. ఈ మిశ్రమానికి బయటి గాలితో పని లేదు. కావలసిన ఆక్సిజన్ సూరేకారంలోనే ఉంది. గంధకం తొందరగా అంటుకుని మిగతావాటిని అంటిస్తుంది. ఆరుబయట అయితే బుస్సుమని కాలిపోతుంది. గట్టిగా మూసిన డబ్బాలో అయితే వాయువులకి దారి లేక డబ్బానే పగలగొడుతుంది. విడివిడిగా మూడూ సాధువులే. కలిశాకే గొడవ.

మరి నియమాలన్నీ పాటిస్తే చాలదా అన్నాడు తమ్ముడు. చాలదు. తాతయ్య నాటి పొట్లం వేరు, ఇవాళ్టి పొట్లం వేరు. పేరు రాయని కవర్లో ఉన్న తెల్లపొడి సూరేకారమో, పొటాషియం క్లోరేటో చూసి ఎవరూ చెప్పలేరు. క్లోరేట్‌కి గంధకం తగిలితే నిప్పు కూడా అక్కర్లేదు, రాపిడి చాలు. అందుకే ఈ రెండూ కలిపిన మందుగుండుని మన దేశంలో 1992లోనే నిషేధించారు. మెరుపు కోసం వేసే అల్యూమినియం పొడి ఇంకో తంటా. సూరేకారంతో కలిసి తడి తగిలితే దానంతటదే వేడెక్కగలదు. మనకి దీపావళి వచ్చేదేమో వానల్లో.

2024 దీపావళి నాడు ఏలూరులో స్కూటర్ మీద ఉల్లిగడ్డ బాంబులు తీసుకెళ్తుంటే దారిలోనే పేలి ఒకాయన చనిపోయారు. గుంతలో బండి కుదుపుకే పేలాయన్నారు. అగ్గిపుల్ల గీసింది ఎవరూ లేరు. బాణసంచా తయారీకి లైసెన్సు ఎందుకు అడుగుతారో అర్థం కావడానికి ఇది చాలు.

మా వీధిలో ఒకాయనకి ఎడమచేతికి రెండే వేళ్ళు. ఆయన నిర్లక్ష్యంగా ఉండే మనిషి కాదని, తాతయ్య దగ్గరే పని నేర్చుకున్నాడని మామ్మ చెబుతుంది. ఆ దీపావళి తర్వాత తాతయ్య జల్లెడ అటకెక్కించేశారు. ఎందుకని అడిగితే, "నా జాగ్రత్త నా చేతిలో ఉంది గానీ, మందు నా చేతిలో లేదురా" అన్నారట. ఇంజనీరింగ్‌లో సేఫ్టీ గురించి ఇంతకంటే సూటైన మాట నేను వినలేదు. మనిషి పొరపాటు చెయ్యకపోవడం మీదే ఆధారపడిన ఏర్పాటు, ఏదో ఒకరోజు ఆ మనిషినే బలి తీసుకుంటుంది.

"అయితే మనింటి పద్ధతి పోయినట్టేనా?" అని తమ్ముడు దిగులుగా అడిగాడు. పూర్తిగా పోలేదురా. గోగుకర్రలకి నూనెగుడ్డ ఒత్తులు కట్టి, వీధిలో దివిటీలు కొట్టడం మనింటి పద్ధతే. మామ్మకి ఆ ఒత్తులు కట్టడం వచ్చు. అది నేర్చుకో.