ఆకు చెప్పే ఎండ లెక్క

అమెజాన్‌ అడవి అనగానే కళ్ల ముందు పచ్చదనమే పచ్చదనం! అంత ఏపుగా పెరిగిన చెట్ల ఆకుల్లో ఎంత బలం ఉంటుందో అనిపిస్తుంది. చలికాలమంతా మోడులై నిలబడే చల్లని దేశాల చెట్లను చూస్తే జాలేస్తుంది. కానీ ఆ ఆకుల్ని ఎండబెట్టి, తూకం వేసి, పరీక్షిస్తే లెక్క తిరగబడుతుంది. సగటున చూస్తే చల్లని ప్రాంతాల ఆకుల్లోనే నత్రజని, భాస్వరం ఎక్కువ.

ఈ మాట ఒకటి రెండు చెట్లను చూసి చెప్పింది కాదు. పీటర్‌ రైక్‌, యాట్సెక్‌ ఓలెక్సిన్‌ అనే శాస్త్రవేత్తలు 452 చోట్ల నుంచి 1,280 జాతుల మొక్కలకు సంబంధించిన 5,087 కొలతల్ని ఒకచోట చేర్చి, 2004లో ఫలితాలు ప్రకటించారు. భూమధ్యరేఖవైపు వెళ్లేకొద్దీ, అంటే వేడి పెరిగేకొద్దీ, ఆకుల్లో ఈ రెండు పోషకాలూ తగ్గుతున్నాయి. భాస్వరమైతే మరీ త్వరగా తగ్గుతోంది. అలాగని చలి పెరిగేకొద్దీ పోషకాలు పెరుగుతూనే పోవు. మరీ గడ్డకట్టే చోట ఆ పెరుగుదల ఆగిపోతుంది.

ఎందుకిలా? మన వంటింట్లోనే ఒక జవాబుంది. చలికాలంలో పాలు తోడుకోవాలంటే తోడు కాస్త ఎక్కువ వేస్తాం కదా! ఆకులోనూ అంతే. చలికి రసాయన చర్యలు నెమ్మదిస్తాయి. అదే పని జరగాలంటే ఎంజైములు ఎక్కువ కావాలి. వాటి తయారీకి నత్రజని, భాస్వరం కావాలి. పైగా అక్కడి వేసవి చిన్నది. ఉన్న నాలుగు నెలల్లోనే ఎదుగుదలంతా అయిపోవాలి.

రెండో జవాబు మట్టిలో ఉంది. భాస్వరం ప్రధానంగా రాళ్ల నుంచే వస్తుంది. ఉత్తరాదిన మంచుయుగపు హిమానీనదాలు రాళ్లను పిండిచేసి నేలకు కొత్త మట్టిని ఇచ్చాయి. ఉష్ణమండలంలో చాలాచోట్ల నేలలు లక్షల ఏళ్లుగా వానకు తడిసి, భాస్వరాన్ని పోగొట్టుకున్నాయి. నత్రజని సంగతి వేరు... గాలిలోని నత్రజనిని సూక్ష్మజీవులు నేలకు అందించగలవు.

మరి అంత పేద నేలలో అంత పెద్ద అడవి ఎలా బతుకుతోంది? పొదుపుతో! ఆకు పండి రాలేలోగా అందులోని పోషకాల్లో దాదాపు సగాన్ని చెట్టు వెనక్కి లాక్కుంటుంది. మిగిలింది రాలి, కుళ్లి, మళ్లీ వేళ్లకే చేరుతుంది. అదీ చాలక సహారా ఎడారి ధూళి అట్లాంటిక్‌ మహాసముద్రాన్ని దాటొచ్చి అమెజాన్‌ మీద పడుతుంది. దాంతోపాటు ఏటా దాదాపు 22 వేల టన్నుల భాస్వరం అందుతోందని 2015లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

ఈ లెక్క ఇప్పుడు మనందరికీ ముఖ్యం. మన వాహనాలు, కర్మాగారాలు వదిలే పొగలోని కార్బన్‌ డయాక్సైడ్‌ను అడవులు పీల్చుకుంటాయిలే అన్న భరోసాతో ఉన్నాం. గాలిలో ఆ వాయువు పెరిగినంత మాత్రాన చెట్టు పెరగదు, భాస్వరం కూడా కావాలి. బ్రెజిల్‌లోని అమెజాన్‌ అడవిలో నేలకు భాస్వరం వేసి చూస్తే రెండేళ్లలో సన్నవేళ్ల ఎదుగుదల 29 శాతం, ఆకుల ఉత్పత్తి 19 శాతం పెరిగాయని 2022లో తేలింది. నత్రజని వేస్తే అలాంటి మార్పు రాలేదు. అంటే అడవికి ఆకలి ఉంది, కంచంలో అన్నమే లేదు! ఉష్ణోగ్రత కొన్నేళ్లలో మారిపోతుంది. నేల మారాలంటే యుగాలు పడుతుంది.

వేడి ప్రాంతంలో రాలిన ప్రతి ఆకూ నేలకు తిరిగి దక్కాల్సిన జమే. కానుగ రొట్ట, గిరిపుష్పం కొమ్మలు నరికి వరిమడిలో తొక్కించిన మన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. వాకిట్లో రాలిన ఆకుల్ని కుప్పేసి అంటిస్తే మాత్రం అందులోని నత్రజని చాలావరకు పొగతోపాటు పోతుంది. అదే కుప్పను చెట్టు మొదట్లో వేస్తే నాలుగు వానలకు కుళ్లి, ఆ చెట్టుకే చేరుతుంది.