మీటరు కర్ర, రెండు ఊళ్లు

ఛత్తీస్‌గఢ్‌లోని మా సిర్గిట్టిలో పిల్లలకి ఆకాశం చూపించాలంటే ముందు యార్డు లైట్లతో వేగాలి. ఒక పక్క బిలాస్‌పూర్ రైల్వే దీపాలు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి. ఇంకో పక్క పారిశ్రామిక వాడ దుమ్ము. చలికాలం వచ్చిందంటే ఇళ్ల ముందు బొగ్గు కుంపట్ల పొగ. పాలపుంత మాట మర్చిపోవాల్సిందే. మిగిలేవి సూర్యుడు, చంద్రుడు, శుక్రుడు, గురుడు, కుజుడు, ఓపికుంటే శని. డిసెంబరు సాయంత్రాల్లో తూర్పున మృగశిర, దానికి పైన పిల్లలకోడి. సైన్స్ టీచరుగా నా బతుకంతా ఈ కాస్త సరుకుతోనే గడిచింది. పగటి పూట కూడా ఖగోళం చెప్పొచ్చని నేర్పింది ఈ కరువే.

ఇంటి దగ్గర ట్యూషన్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రైల్వే వాళ్ల పిల్లలు. ముత్తాతలో తాతలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పుట్టింది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయింది. ఆ పట్టాల వెంబడే మా జనం. పిల్లలకి బళ్లో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో సిక్కోలు తెలుగు. వేసవి సెలవులు ఇవ్వగానే సగంమంది కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊరెళ్లిపోతారు. ట్యూషన్ ఖాళీ అయిపోతుందని మొదట్లో విసుక్కునేదాన్ని. వాళ్లు అలా వెళ్లడమే నా పాఠానికి ప్రాణమని తర్వాత తెలిసింది.

ఐదో తరగతి పిల్ల గ్రహాల పేర్లు ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్తుంది. వాళ్ల నాన్న పక్కనుండి ప్లూటోని కూడా కలుపుతాడు. ఆయన చదివింది 2006కి ముందు మరి. పేర్లు అందరికీ వచ్చు. ఏది ఎంత దూరమో అడిగితే మాత్రం పుస్తకంలోని బొమ్మే గుర్తొస్తుంది. అందులో ఎనిమిది గ్రహాలూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నిలబడి ఉంటాయి. ఆ బొమ్మని మనసులోంచి చెరిపెయ్యడానికి నాకు దొరికిన సాధనం రైలు.

కోటి కిలోమీటర్లని ఒక మీటరు అనుకుందాం అంటాను. సూర్యుడు 14 సెంటీమీటర్ల బంతి అవుతాడు. దాన్ని ఇంజన్ వెనక మొదటి పెట్టె మొదట్లో పెడతాం. పాత నీలం పెట్టె పొడవు 22 మీటర్లు దాటి ఉంటుంది. బుధుడు 6 మీటర్ల దగ్గర, శుక్రుడు 11 దగ్గర, భూమి 15 దగ్గర, ముగ్గురూ మొదటి పెట్టెలోనే. కుజుడు రెండో పెట్టెతో కలిసే బఫర్ల దగ్గర. ఇక్కడిదాకా పిల్లలు హుషారుగా ఉంటారు. గురుడు నాలుగో పెట్టె మధ్యలో, శని ఏడో పెట్టెలో, యురేనస్ పదమూడో పెట్టె చివర, నెప్ట్యూన్ ఇరవై ఒకటో పెట్టె మొదట్లో అనేసరికి నోళ్లు తెరుస్తారు. ఇంతా చేసి భూమి 1.3 మిల్లీమీటర్లు. చంద్రుడు దానికి నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఒక నలుసు. ప్లాట్‌ఫారం మీద ఇలాంటి ఆటలు పనికిరావు కనుక క్వార్టర్ల రోడ్డు మీద సుద్దతో పెట్టెల హద్దులు గీసుకుంటాం. ఈ లెక్కలో వెలుగు సెకనుకి 3 సెంటీమీటర్లు నడుస్తుంది. ఒక పిల్లాణ్ణి ఆ వేగంతో సూర్యుడి నుంచి భూమికి నడవమంటే 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. సగం దూరంలోనే మిగతావాళ్లు అరుగెక్కి కూచుంటారు.

ఓసారి లోకో పైలట్‌గారి అబ్బాయి అడిగాడు. "మరి ఆ పక్క చుక్క ఏ పెట్టెలో టీచర్?" సూర్యుడి తర్వాత మనకి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి, దూరం 4.24 కాంతి సంవత్సరాలు. మా లెక్కకి కుదిస్తే 4,000 కిలోమీటర్లు. దేశంలో అన్నిటికన్నా దూరం నడిచే బండి డిబ్రూగఢ్–కన్యాకుమారి వివేక్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణం దాదాపు 4,200. డిబ్రూగఢ్‌లో బండి మొదటి పెట్టెలో సూర్యుణ్ణి ఎక్కిస్తే, పక్క నక్షత్రం కన్యాకుమారికి కాస్త ఇవతల ఉంటుంది. మధ్యలో ఏమీ లేదు. నక్షత్రాలు ఎందుకు చుక్కల్లా కనిపిస్తాయని ఆ అబ్బాయి మళ్లీ అడగలేదు.

దూరాల సంగతి అలా అయ్యాక గడియారం దగ్గరికి వస్తాం. రైల్వే ఇళ్లలో గడియారం మాటే చివరి మాట. ఆ గడియారం సూర్యుడితో ఎంత కలుస్తుందో చూద్దాం అంటాను. మన దేశపు కాలాన్ని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కగడతారు. ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూర్ వైపు నుంచి దిగి, ఛత్తీస్‌గఢ్ మీదుగా కాకినాడ దిక్కు వెళ్తుంది. బిలాస్‌పూర్ దానికి డిగ్రీలో మూడో వంతు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, రేఖాంశం లెక్క ఒక్కటే చూస్తే, మా సూర్యుడు గడియారం కన్నా నిమిషంన్నర కూడా వెనకబడడు. ఈ ఒకే దేశం, ఒకే సమయం పద్ధతి 1906 జనవరి 1 నుంచి వచ్చింది. దానికి ముందు రైళ్లు మద్రాసు సమయం ప్రకారం నడిచేవి. మద్రాసు నక్షత్రశాలలో ఆకాశాన్ని చూసి పెట్టిన సమయం అది. స్టేషన్ గడియారం వెనక ఎక్కడో ఒక దుర్భిణి ఉందని తెలిస్తే రైల్వే పిల్లలకి అదో గర్వం.

మేడ మీద మీటరు కర్రని నిట్టనిలువుగా నిలబెడతాం. దారానికి నట్టు కట్టి వేలాడదీస్తే కర్ర వాలిందో లేదో తెలిసిపోతుంది. పదకొండున్నర నుంచి రెండేసి నిమిషాలకి నీడ కొనని సుద్దతో గుర్తుపెట్టాలి. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణమే అసలైన మధ్యాహ్నం. నవంబరు మొదటి వారంలో అది 11:45కే వచ్చేస్తుంది. ఫిబ్రవరి రెండో వారంలో 12:15 దాటాక గానీ రాదు. పిల్లలు ముందు కర్రని అనుమానిస్తారు, తర్వాత మొబైల్‌ని, ఆఖర్న ఒకళ్లనొకళ్లు. భూమిని అనుమానించాలని ఎవరికీ తోచదు. తప్పంతా దానిదే మరి. అది సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరైన వృత్తం కాదు. జనవరి మొదట్లో దగ్గరికొచ్చి వేగం పెంచుతుంది, జులైలో దూరం జరిగి నెమ్మదిస్తుంది. పైగా 23.4 డిగ్రీలు ఒరిగి తిరుగుతుంది. ఈ రెండూ కలిసి ఏడాది పొడవునా సూర్యుణ్ణి గడియారానికి ముందో వెనకో నిలబెడతాయి.

ఓ తల్లి కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చి, అరుగు మీద కూచుని, మొహమాటంగానే అడిగింది. "టీచరుగోరూ, గుళ్లో నవగ్రహాల్లో భూమి లేదేటండి?" మంచి ప్రశ్న. ఆ జాబితా భూమి మీద నిలబడి చూసినవాళ్లు రాసుకున్నది. నక్షత్రాల మధ్య చోటు మారుతూ కంటికి కనిపించేవి ఏడు: సూర్యుడు, చంద్రుడు, ఐదు గ్రహాలు. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు రాహువు, కేతువు. అమావాస్య గానీ పున్నమి గానీ ఆ చోట్లకి దగ్గర్లో పడితేనే గ్రహణం. కాళ్ల కింద ఉన్నదాన్ని ఆకాశంలో ఎలా లెక్కేస్తారు? ఆమెకి నచ్చింది. గుడిని చిన్నబుచ్చకుండా, పాఠాన్ని వదులుకోకుండా చెప్పాలంటే చూసినవాడు ఎక్కడ నిలబడ్డాడో చెప్తే చాలు.

ఇక మే నెల. సూర్యుడు నెత్తి మీదకొచ్చి, నిలువు కర్రకి నీడే లేకుండా పోయే రోజు కర్కాటక, మకర రేఖల మధ్య ఊళ్లన్నిటికీ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. బిలాస్‌పూర్ 22 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కనుక ఇక్కడ జూన్ 1 ప్రాంతంలో ఒకసారి, జులై 11 ప్రాంతంలో ఇంకోసారి. మొదటిది ఇక్కడివాళ్లు నౌతపా అనే మండుటెండల్లో, బడి లేని రోజుల్లో. రెండోది వానాకాలం మబ్బుల్లో. ఆ రెంటికీ మధ్య సూర్యుడు మాకు ఉత్తరాన ఉంటాడు, మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. శ్రీకాకుళం 18.3 డిగ్రీల మీద ఉంది. అక్కడ నీడ మాయమయ్యేది మే 13 అటూ ఇటూగా. సరిగ్గా మా పిల్లలు అమ్మమ్మ గారింట్లో ఉండే రోజులు.

నీడ లేని ఊరినీ, అదే రోజున నీడ ఉన్న ఊరినీ పోల్చి భూమిని కొలవొచ్చు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ చేసిన పని ఇదే. ఈజిప్టు దక్షిణాన సైయీన్‌లో నీడ లేని రోజున ఉత్తరాన అలెగ్జాండ్రియాలో ఎంత నీడ ఉందో చూశాడు. అది వృత్తంలో యాభయ్యో వంతు అని తేలింది. రెండు ఊళ్ల దూరాన్ని యాభైతో గుణిస్తే భూమి చుట్టుకొలత. మాకు సైయీన్ సిక్కోలు, అలెగ్జాండ్రియా సిర్గిట్టి.

ఊరెళ్లే పిల్లల సంచిలో దారం, నట్టు, మీటరు టేపు పెట్టి పంపుతాను. కర్ర అక్కడే దొరుకుతుంది. అక్కడివాళ్లూ ఇక్కడివాళ్లూ ఒకే టైముకి కొలవకూడదని మరీ మరీ చెప్తాను. శ్రీకాకుళం మాకన్నా తూర్పున ఉంది, అక్కడ మధ్యాహ్నం 7 నిమిషాలు ముందే అవుతుంది. ఎవరి పొట్టి నీడ వాళ్లు పట్టుకోవాలి. అటు నుంచి వీడియో కాల్‌లో మొదట వినిపించేది మనవడి గొంతు కాదు, అమ్మమ్మది: "ఓలమ్మా, కర్రకి నీడ నేదే!" ఇటు మేడ మీద ఊరెళ్లని పిల్లలు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు నీడ ముందు స్కేలు పట్టుకుని తగువులాడుకుంటూ ఉంటారు.

త్రికోణమితి రాని ఏడో తరగతి పిల్లకి కూడా ఈ లెక్క అందుతుంది. కర్ర కొనని కేంద్రంగా, కర్ర పొడవుని వ్యాసార్థంగా ఒక వృత్తం ఊహించుకుంటే చుట్టుకొలత 628 సెంటీమీటర్లు. అందులో 6.6 సెంటీమీటర్ల నీడ దాదాపు 95వ వంతు. సిర్గిట్టికీ శ్రీకాకుళానికీ ఉత్తర దక్షిణంగా దూరం దాదాపు 420 కిలోమీటర్లు. 420ని 95తో గుణిస్తే 39,900. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత 40,008 కిలోమీటర్లు.

ఇంత చక్కగా అన్నిసార్లూ కుదరదు. ముందు దూరం దగ్గరే పిల్లలు బోల్తా పడతారు. టికెట్ మీద ఉన్న కిలోమీటర్లు వేసేస్తారు. బండి రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ చుట్టి వెళ్తుంది. దాని దారితో మనకి పనిలేదు, అట్లాసులో నిలువు దూరమే కావాలి. తర్వాతి చిక్కు నీడది. సూర్యుడు అర డిగ్రీ వెడల్పున్నాడు కనుక మీటరు కర్ర నీడ కొన సెంటీమీటరు మేర మసగ్గా ఉంటుంది. ఎక్కడ ఆగాలన్నదే పేచీ. నీడ 6 అన్నవాడికి భూమి 44,000 కిలోమీటర్లు, 7 అన్నవాడికి 37,700. అర సెంటీమీటరు తేడాకి భూమి వేల కిలోమీటర్లు ఉబ్బుతుంది, చిక్కుతుంది. అది వాళ్ల చేత్తో వాళ్లే చేశాక "కొలతలో పొరపాటు" అన్న మాట నేను నిర్వచించి చెప్పక్కర్లేదు.

రాత్రికి సాక్ష్యం ఇంకొకటి ఉంది. కోణమానినికి స్ట్రా అంటించి, దారం వేలాడదీసి ధ్రువ నక్షత్రాన్ని చూస్తే సిర్గిట్టిలో అది 22 డిగ్రీల ఎత్తున ఉంటుంది, శ్రీకాకుళంలో 18. తేడా నాలుగు, చేతి కొలతలో ఒక డిగ్రీ అటూ ఇటూ. పగలు నీడ చెప్పింది కూడా అంతే. ధ్రువుణ్ణి పట్టుకోవడానికి మంచంకోళ్ల (సప్తర్షుల) నుంచి దారి చూపించేది మళ్లీ అమ్మమ్మలే. ముసలమ్మ మంచాన్ని ముగ్గురు దొంగలు ఎత్తుకుపోయే కథ వాళ్లకి నాకన్నా బాగా వచ్చు.

ఆ ఊళ్లకి ఈ విద్య కొత్తదేం కాదని కూడా చెప్తాను. 19వ శతాబ్దంలో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత డబ్బుతో నక్షత్రశాల కట్టారు. ఆయన తర్వాత దాన్ని నడిపిన అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు. సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో తేల్చడానికి ప్రపంచమంతా ఆ రోజు దుర్భిణులు ఎక్కుపెట్టింది. మా పిల్లలు బండి దిగే స్టేషన్లకి దగ్గర్లోనే ఆ పని జరిగింది.

"ఇది ఆర్‌ఆర్‌బీ పరీక్షలో వస్తుందాండీ?" అని తండ్రులు అడుగుతారు. గ్రహాల వరస వస్తుంది, నీడ కొలవడం రాదు అని ఉన్నమాటే చెప్తాను. అయినా పంపుతారు. సెలవుల్లో ఎండలో తిరక్కుండా మధ్యాహ్నం అరగంటైనా ఒకచోట నిలబడతారని కాబోలు.

ఇది సిర్గిట్టికే చెల్లే పాఠం కాదు. ఖరగ్‌పూర్, టాటానగర్, నాగపూర్ లాంటి పాత బెంగాల్ నాగపూర్ రైల్వే ఊళ్లన్నిటా తెలుగువాళ్ల కాలనీలు ఉన్నాయి, వాళ్లకీ ఉత్తరాంధ్రలో చుట్టాలున్నారు. విజయనగరం వాళ్లు మే 12న, శ్రీకాకుళం వాళ్లు 13న, పలాస వాళ్లు 15న చూసుకోవచ్చు. ఒక రోజు అటూ ఇటూ అయినా మీటరు కర్ర నీడ నాలుగైదు మిల్లీమీటర్లకి మించి మారదు. ఇటో కర్ర, అటో కర్ర, మధ్యలో ఒక ఫోను ఉంటే చాలు. లెక్క 40,000కి దగ్గరగా రాకపోతే కంగారు పడి దిద్దకండి. తేడా ఎక్కడ వచ్చిందో పిల్లల్నే వెతకమనండి. సగం పాఠం అక్కడే ఉంది.