గాడిపొయ్యి ఎందుకు, గ్యాస్ స్టవ్ చాలు

ఫ్లాస్కు అంటే మనకి కాఫీ పోసిపెట్టుకునేదే కదా! ఈ మధ్య నాకు ఇంకో ఫ్లాస్క్ పరిచయమైంది. పైథాన్ భాషలో చిన్న చిన్న వెబ్ పేజీలు తయారుచేసుకునే సరంజామా అది. ఆర్మిన్ రొనాకర్ అనే ఆస్ట్రియా కుర్రాడు ఏప్రిల్ ఫూల్ సరదాకి మొదలుపెట్టిన పనిలోంచి 2010లో పుట్టింది.

తెలుగు బీఏ చదివినదానికి ఇదంతా ఎందుకంటారా? అత్తయ్యగారి షుగరు మాత్రల కోసం. ఇచ్చేవాళ్లం ముగ్గురం: నేను, మావారు, మా అబ్బాయి. ఒకే మాత్ర రెండుసార్లు పడితే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. క్యాలెండరు మీద టిక్కు పెడదామంటే, అక్కడ పెన్ను ఉంటే కదా! ఫోను మాత్రం ముగ్గురి చేతుల్లోనూ ఉంటుంది.

మా అబ్బాయి జాంగో నేర్చుకోమన్నాడు. లాగిన్లు, అడ్మిన్ పేజీ అన్నీ అందులో ముందే అమర్చి ఉంటాయి. ఇద్దరికి కాఫీ పెట్టడానికి గాడిపొయ్యి తవ్వుతామా? నాకు ఫ్లాస్క్ చాలనుకున్నాను.

పైథాన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో 'పిప్ ఇన్‌స్టాల్ ఫ్లాస్క్' అని కొడితే వచ్చేస్తుంది. ఒకే ఒక్క ఫైలులో ఆరేడు లైన్లు రాసి నడిపితే, బ్రౌజరులో 127.0.0.1:5000 దగ్గర మనం రాసిన 'నమస్కారం' కనిపిస్తుంది. అందులో @ గుర్తుతో మొదలయ్యే లైనే కీలకం. ఏ అడ్రసు అడిగితే ఏ పని జరగాలో చెప్పేది అదే. నాకైతే విభక్తి గుర్తొచ్చింది. అది చేరితేగానీ మాటకి వాక్యంలో పనేమిటో తెలియదు కదా!

పేజీ రూపానికి జింజా అనేది తోడు వస్తుంది. శుభలేఖలో పేరు రాసే ఖాళీ ఉన్నట్టు, పేజీలో ఖాళీలు వదిలితే అది నింపుతుంది. జింజా అంటే జపానులో గుడి. టెంపుల్, టెంప్లేట్ మాటలు దగ్గరగా ఉన్నాయని ఆ పేరు పెట్టారు.

నా పేజీలో మూడు బొత్తాలు, మా ముగ్గురి పేర్లతో. నొక్కితే పేరూ టైమూ పైథాన్‌తోనే వచ్చే ఎస్క్యూలైట్‌లో చేరతాయి. హోస్ట్‌గా 0.0.0.0 ఇచ్చి నడిపితే, ఇంటి వైఫైలో ఉన్న ఫోన్లలో కూడా ల్యాప్‌టాప్ నంబరుతో తెరుచుకుంటుంది. ఒక్క జాగ్రత్త: అలా నడిపేటప్పుడు డీబగ్ మోడ్ ఆపేయాలి. ఇంటిదాటి ఇంటర్నెట్‌లో పెట్టాలంటే తాళాలూ గడియలూ వేరే కావాలి. నేను ఆ జోలికి పోలేదు.

మొన్న రాత్రి మావారు మాత్ర తీసి, ఫోను చూసి, "వాడిచ్చేశాడు" అంటూ మళ్లీ డబ్బాలో పెట్టేశారు. నాకు అంతకన్నా ఏం కావాలి?

అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకుని పేజీ అంతా చూశారు. "మింగేది నేనైతే మీ పేర్లేమిటే? నాకూ ఒక బొత్తాం పెట్టు" అన్నారు. నాలుగోది రాస్తున్నాను, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో.