చింతపల్లి రాళ్ళ మీద లెక్క

శ్రీకాకుళం జిల్లా సముద్రతీరం సుమారు 193 కిలోమీటర్లు. పక్కనున్న విజయనగరానిది 28 కిలోమీటర్లే. ఈ చిన్న తీరంలో పూసపాటిరేగ మండలపు చింతపల్లి ప్రత్యేకమైన చోటు. బారువ, కళింగపట్నం వద్ద ఇసుక మెత్తగా పరచుకుని ఉంటే, ఇక్కడ రాతిబండలు ఒడ్డు దాటి నీటిలోకి దిగిపోతాయి. సముద్రం లోపల కూడా రాళ్ళున్నాయి. భీమునిపట్నం రేవుకు పోయే ఓడలు వాటికి తగలకుండా హెచ్చరించేందుకు 1847లో ఇక్కడి గుట్టపై దీపస్తంభం నెలకొల్పారు. ఆంగ్లేయుల పటాలలో ఈ ఊరిపేరు ‘శాంతపిల్లి’ అయిపోయింది. మన ఊళ్ళ పేర్లకు వారు చేసిన మరమ్మతులలో ఇదొకటి!

దీపం ఓడల కోసం. ఒడ్డున బతికే ప్రాణుల బాగోగులు తెలియాలంటే మాత్రం మనుషులు కాలినడకన తిరిగి చూడవలసిందే. ఈ రెండు జిల్లాలలోనూ అటువంటి నడక ఉన్నది. జనవరి మొదలు మార్చి, ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టేందుకు రాత్రివేళ ఇసుకపైకి వస్తాయి. చెన్నైకి చెందిన ట్రీ ఫౌండేషన్ అటవీశాఖతో కలిసి మత్స్యకార గ్రామాల యువకులకు శిక్షణ ఇచ్చి ఈ కాపలా నడుపుతున్నది. వారు తెల్లవారకముందే తీరం వెంట నడుస్తూ తాబేలు ఈడ్చుకుంటూ వెళ్ళిన జాడను వెదుకుతారు. ఒక్కొక్క గూటిలో సుమారు వంద గుడ్లు ఉంటాయి. కుక్కలు, నక్కలు తవ్వకముందే వాటిని అటూ ఇటూ తిరగనీయకుండా తీసి, కంచె వేసిన చోట అంతే లోతున పాతిపెడతారు. నలభై అయిదు నుంచి అరవై రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడిమిని బట్టే అవి ఆడవో మగవో నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ. సృష్టికర్త ఏర్పాటు ఎంత సూక్ష్మమో చూడండి!

ఇసుక దాచదు. జాడ, గుంత, కళేబరం, అన్నీ దూరం నుంచే కనిపిస్తాయి. రాళ్ళ సంగతి వేరు. బండల సందున ఇరుక్కున్న చచ్చిన తాబేలును పైనుంచి నడిచిపోయేవాడు చూడలేడు. నాచుపై కాలు జారుతుంది, అల వెనుకనుంచి కొడుతుంది. అందుచేత రాళ్ళు రాగానే చుట్టూ తిరిగి పోవడం మానవ సహజం. అయితే ఆ సందులలోనే వేరొక లోకమున్నది. పోటు ఎంతవరకు ఎక్కుతుందో బండకు అతుక్కున్న గవ్వపురుగుల తెల్లని పట్టీ చెబుతుంది. దాని దిగువన ఆలిచిప్పలు, గుంటల నీటిలో పీతలు, నత్తలు, పువ్వులా విచ్చుకునే సముద్రపుష్పాలు ఉంటాయి.

వీటిని చూడాలంటే సముద్రం బాగా వెనక్కి తగ్గాలి. ఇందుకు మన ఇళ్ళలో గోడకు వేలాడే హిజ్రీ క్యాలెండరు చక్కగా పనికివస్తుంది. అమావాస్య, పున్నముల తరువాత ఒకటి రెండు రోజులకు పోటు ఎక్కువగా ఎక్కి, పాటు ఎక్కువగా దిగుతుంది. అంటే చాంద్రమాసపు 1 నుంచి 3 వరకు, మళ్ళీ 15 నుంచి 17 వరకు రాళ్ళు ఎక్కువగా బయటపడతాయి. ఎనిమిదో తేదీన వెళ్ళినవాడికి సగం బండే కనిపిస్తుంది. తాబేళ్ళ రాక మాత్రం సూర్యుని ఋతువును అనుసరిస్తుంది. కనుక తీరాన్ని కనిపెట్టేవాడికి రెండు క్యాలెండర్లూ కావాలి. ఈ మధ్య సంవత్సరాలలో రమజాన్ మాసం తాబేళ్ళ కాలంలోనే వస్తున్నది. సహరీకి లేచే వేళ, కాపలావారు ఇసుక మీద నడిచే వేళ ఒక్కటే.

రాతితీరపు లెక్కకు పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒక బండను ఎంచుకుని, కొలిచిన చతురస్రపు చట్రాన్ని ప్రతిసారీ అదే చోట ఉంచి, అందులోని ప్రాణులను లెక్కించి, ఫోటో తీసి, తేదీ, వేళ వ్రాస్తే చాలు. ఒంటరిగా పోకూడదు. ఎత్తిచూసిన రాయిని మళ్ళీ అదే ముఖం కిందికి వచ్చేలా పెట్టాలి, లేకుంటే దాని అడుగున ఉన్నవి ఎండకు చస్తాయి. ఏమీ కనిపించని రోజున ‘సున్నా’ అని వ్రాయడం అన్నింటికంటే కష్టం. ఉత్సాహవంతులు చూసినదే వ్రాస్తారు, చూడనిది వదిలేస్తారు. నమ్మకంగా వ్రాసిన సున్నా కూడా ఒక అమానత్. ముంబయి రాతితీరాలలో 2017 నుంచి ‘మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబయి’ స్వచ్ఛంద సేవకులు ఇలా నమోదు చేస్తున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో బడిపిల్లలే ఈ పని చేస్తున్నారు.

చచ్చిన తాబేళ్ళ లెక్కకు మరింత బరువున్నది. తాబేలు గాలి పీల్చే ప్రాణి. మరపడవ లాగే వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక పోతుంది. వలలో ఇనుపచట్రం, పైన తలుపు ఉంటే రొయ్య లోపలికి, తాబేలు బయటికి పోతాయి. ఆ చట్రం సరిగా అమలు కానందువల్లే సముద్రంలో పట్టిన భారతీయ రొయ్యలను అమెరికా తీసుకోవడం మానివేసింది. చెరువు రొయ్యలకు ఆ అడ్డు లేదు. తూర్పుతీరంలో వేట విరామం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. తాబేళ్ళు ముమ్మరంగా వచ్చే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు అప్పటికే గడిచిపోతాయి. ఆ మూడు నెలలలో ఎన్ని చనిపోయాయో చూపవలసినది తీరపు పుస్తకమే. ఒకే కళేబరాన్ని రెండుసార్లు లెక్కించకుండా డిప్పపై రంగుగీత వేయాలి. ఇసుక మీద ఉన్నదానికీ, చింతపల్లి బండల సందున ఉన్నదానికీ.