గోడ బయటి గన్నేరు

మా ఇంటికి సున్నుండ వచ్చి ఈ ఆదివారానికి మూడు నెలలు. పేరు మా పాప పెట్టింది. షెల్టర్ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెస్తుంటే అచ్చం సున్నుండ రంగులో, అంత గుండ్రంగానూ ఉంది. ఎనిమిది వారాల పిల్ల. ఏ జాతో షెల్టర్ వాళ్ళకే తెలీదు.

అది వచ్చే ముందు వారం నేను ఇల్లంతా మోకాళ్ళ మీద పాకాను. దాని కంటి ఎత్తు నుంచి చూస్తే గానీ ఇంట్లో ఏముందో తెలీదు మరి. సోఫా వెనక రెండు ఛార్జర్ వైర్లు, పాప రబ్బరు బ్యాండ్లు పదకొండు, ఏ కాలం నాటిదో ఒక మాత్ర. దేవుడి మందిరం కింది అరలో కర్పూరం డబ్బా. కర్పూరం కుక్కలకి విషమట. నా హ్యాండ్‌బ్యాగ్‌లోని చక్కెర లేని చూయింగ్ గమ్ ఇంకా ప్రమాదం. అందులో వేసే జైలిటాల్ కాస్త కడుపులోకి పోయినా కుక్కకి రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది.

ఇక వంటిల్లు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాల్ని పాడుచేస్తాయి. ఎందుకో చాలా ఏళ్ళు ఎవరికీ అంతుబట్టలేదు. 2021లో ఏఎస్‌పీసీఏ విషచికిత్స కేంద్రం వైద్యులు, ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం కారణం కావచ్చన్నారు. అదే ఆమ్లం మన చింతపండులో దండిగా ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి, చింతపండు తీసేస్తే మన వంటింట్లో మిగిలేది ఉప్పూ కారమే కదా అన్నారు మా ఆయన, డబ్బాలన్నీ పై అరలకి ఎక్కిస్తూ. చిన్నప్పుడు మా వీధి కుక్కకి రోజూ చారన్నమే పెట్టేవాళ్ళం. దానికేం కాలేదే అనిపించింది మొదట. ఆ వీధిలో ఏ కుక్క ఎందుకు పోయిందో ఎవరం పట్టించుకున్నాం గనక?

ఇల్లు రెండు రోజుల పని. పెరడే నన్ను ఏడిపించింది.

కంచె కింద సందులకి వల కొట్టాం. మే నెలకల్లా ఎండిపోయే ఫాక్స్‌టెయిల్ గడ్డి మా శాక్రమెంటో వైపు ఎక్కడ చూసినా ఉంటుంది. దాని ముళ్ళు కాలివేళ్ళ సందుల్లోనో చెవిలోనో దూరితే లోపలికే పోతాయి తప్ప వెనక్కి రావు. అదంతా పీకాం. తర్వాత సున్నుండని మొదటిసారి టీకాకి తీసుకెళితే, డాక్టరమ్మ విషపు మొక్కల బొమ్మలున్న కాగితం చేతిలో పెట్టింది. మొదటి వరసలోనే గులాబీ రంగు పూలతో మా గన్నేరు.

అది అమ్మ నాటింది. 2015 వేసవిలో వచ్చింది అమ్మ. కాలిఫోర్నియా అంతా కరువు. పట్టణాల్లో నీటి వాడకం పాతిక శాతం తగ్గించాలని ఆ ఏప్రిల్‌లోనే గవర్నరు ఆదేశం. మా లాన్ గడ్డివాములా పచ్చబడిపోయింది. ఫ్రెస్నోకి వెళుతుంటే 99వ నంబరు హైవే మధ్యలో బారులు తీరిన గన్నేర్లు చూసి, "నీళ్ళు పోసే దిక్కు లేకపోయినా ఎట్లా పూసిందో చూడవే" అంది. ఆ వారమే ఎవరినో అడిగి ఒక కొమ్మ తెచ్చి గుచ్చింది. ఉన్న నాలుగు నెలలూ బియ్యం కడిగిన నీళ్ళన్నీ దానికే. పూజకి పూలు దొరికాయని ఆవిడకి ఎంత సంబరమో.

2021 మేలో అమ్మ పోయింది. వెళితే మళ్ళీ వీసా స్టాంపింగ్ ఎప్పటికి అవుతుందో తెలియని రోజులు. వెళ్ళలేదు. ఆ రోజు నేను ఎంతసేపు ఆ చెట్టు కింద కూచున్నానో మా ఆయనకే తెలుసు.

అందుకని ముందు చెట్టు చుట్టూ వల కట్టాను. కానీ ఇక్కడ సాయంత్రం డెల్టా గాలి లేస్తుంది. ఆకులు వల దాటి పెరడంతా పడతాయి. గన్నేరు విషం గుండె మీద పనిచేస్తుంది, ఆకు ఎండినా పోదు. నెల రోజులు పొద్దునా సాయంత్రం ఆకులు ఏరాను. సున్నుండని తాడు కట్టి తప్ప బయటికి వదల్లేదు. ఒక రోజు తాడుతోనే ఉండి ఏదో నములుతోంది. నోట్లో వేలు పెట్టి లాగితే ఎండిన మందారాకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే కొట్టించేశాను. చేతులకి తొడుగులు వేసుకుని కొమ్మలన్నీ మూటలు కట్టాం. కాలిస్తే పొగ కూడా మంచిది కాదు. మొదలు వదిలేస్తే మళ్ళీ చిగురిస్తుందని వేళ్ళు తవ్వడానికి మూడు శనివారాలు పట్టింది. పాప పక్కన నిలబడి, "అమ్మమ్మకి కోపం వస్తుందా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలీక పలుగు అందుకున్నాను.

నాన్నకి చెప్పలేదు. వీడియో కాల్‌లో ఫోను పెరడు వైపు తిప్పకుండా జాగ్రత్తపడ్డాను. పోయిన వారం పాపే చెప్పేసింది. నాన్న కాసేపు మాట్లాడలేదు.

"మన గన్నేరు గోడ బయట ఎందుకుండేదో నీకు తెలుసా?" అన్నారు.

తెనాలి దగ్గర మా ఊళ్ళో గన్నేరు ప్రహరీ అవతల, రోడ్డు పక్కన ఉండేది. దారిన పోయేవాళ్ళూ కోసుకుంటారని అక్కడ వేశారనుకునేదాన్ని.

"మొదట లోపలే వేశాను. గేదె ఈనింది. దూడ మూతి పెడుతుందని మీ అమ్మ ఆ పూటే పీకించి అవతల పాతించింది. నాతో రెండు రోజులు మాట్లాడలేదు కూడాను."

నాకు నోట మాట రాలేదు. నాన్నే మళ్ళీ అన్నారు, "సరే గానీ, ఆ పిల్లకి పెరుగన్నం పెట్టొచ్చా, అదీ కూడదా?"

కొంచెం పెట్టొచ్చు నాన్నా అన్నాను.

గొయ్యి ఇంకా పూడ్చలేదు. మల్లె వేద్దామని ఉంది, అది కుక్కలకేం చెయ్యదు. కానీ ఈ ఆగస్టు ఎండకి అక్కడి మన్నే చల్లగా ఉంటుంది కాబోలు, మధ్యాహ్నమయ్యేసరికి సున్నుండ వెళ్ళి అందులోనే పడుకుంటోంది.